లీలాండ్ హ్రుష్కాకి బతికుండగానే సంతాపం

కోవల్ ప్రెయిరీ ఊరి డాన్సు హాలు ముందు పికప్ ఆపి, పశువుల దొడ్డికి బిగించే ఇనప గేట్లు ఒక్కొక్కటే బెర్నడీన్ జపలాక్ కిందికి లాగుతుంటే, సినిమావాళ్ళు చేతిలో పని చేతిలోనే వదిలేసి గుడ్లప్పగించి చూశారు.

"ఇవెందుకే ఇక్కడికి?" అంటూ హాల్లోంచి పరిగెత్తుకొచ్చాడు ఆమె మొగుడు ఎల్‌రాయ్.

"నన్నడుగుతావేం, ఆ పిల్లనడుగు. ఆఖరి సీనుకి కాటిల్ స్టీలు లేకపోతే సినిమాయే లేదని పొద్దున్నే మన కొట్టుకి ఫోను చేసింది. పాపం, గొంతు వింటే ఏడ్చేలా ఉంది. ఉన్నవాటిలో మంచివి ఏరి తెచ్చాను."

ఆ పిల్ల, అంటే దర్శకురాలు మారిసోల్, గేట్లకేసీ బెర్నడీన్ కేసీ మార్చి మార్చి చూసింది. "కాటిల్ కాదండీ, పెడల్! పెడల్ స్టీలు. కాళ్ళతో కూడా వాయించే గిటారు!"

పాతికేళ్ళుగా దాణా కొట్లో ఫోనెత్తిన చెవి అది. దానికి పెడల్ అన్నా కాటిలే, మెడల్ అన్నా కాటిలే. అయినా బెర్నడీన్ తగ్గలేదు. "తేడా ఏముందమ్మా? మా ఆయన వినే పాటల్లో ఆ గిటారు, దూడని అమ్మేస్తే ఆవు అరిచినట్టే అరుస్తుంది" అనేసి, గేట్లు మళ్ళీ ఎక్కించే పని మొగుడికి అప్పగించి, చేతులు దులుపుకుని నడిచి వెళ్ళిపోయింది.

ఎల్‌రాయ్ పేరు చివర రాయి ఉంది గానీ మనిషి వెన్న. రెండు సెగలకి కరుగుతాడు. ఒకటి పాత కంట్రీ పాట, అంటే ఇక్కడి పల్లెల పాట. ఆ పాటలో పెళ్ళాం పోతుంది, ఉద్యోగం పోతుంది, ఇల్లు పోతుంది, ఆఖరికి కుక్క కూడా పోతుంది. శ్రుతి మాత్రం పోదు. రెండోది చిన్న సినిమా. పెద్ద కంపెనీల డబ్బు లేకుండా, నలుగురు స్నేహితులు ఒక అద్దె వ్యానులో తిరిగి తీసుకునే రకం. వాటిని స్వతంత్ర చిత్రాలంటారు. అవి ఎవరిమీదా ఆధారపడవు. ఒక్కోసారి ప్రేక్షకుల మీద కూడా.

ఈ రెండో జబ్బు అతనికి ఆస్టిన్‌లో అంటుకుంది. ట్రాక్టరు సామాను కోసం వెళ్ళి, సాయంత్రం దాకా ఆగమంటే, చల్లగా ఉంటుంది కదా అని లాండ్రీ వెనకున్న ఓ బుల్లి థియేటర్లో దూరాడు. తెర మీద ఒకాయన నూతి పంపు బాగుచేస్తున్నాడు. అలా చేస్తూనే ఉన్నాడు. నట్టు ఊడదీశాడు, వాషరు మార్చాడు, మళ్ళీ బిగించాడు. నీళ్ళు వచ్చాయి. అప్పుడు తాగడానికి రమ్మని లోపలికి కేకేశాడు. లోపల ఎవరూ లేరు. ఎల్‌రాయ్ సీట్లో నిటారుగా కూర్చుని, రుమాలు దొరక్క టోపీతో కళ్ళు తుడుచుకున్నాడు. ఇంటికొచ్చి కథ చెబితే బెర్నడీన్ మొత్తం విని, "మనింట్లో పంపు చెడి ఆర్నెల్లయింది. దాన్ని చూసి ఎప్పుడైనా ఏడ్చావా?" అంది.

కానీ ఆ పాటా ఈ సినిమా ఒక తల్లి పిల్లలని ఎల్‌రాయ్ నమ్మకం. పాటగాడు 'తలుపు మెల్లిగా వేసింది' అని ఊరుకుంటాడు. ఎందుకు వేసిందో, తనెంత ఏడ్చాడో చెప్పడు. ఆ చెప్పనిదంతా వెనకనుంచి స్టీలు గిటారు చెబుతుంది. సినిమాలో ఒకావిడ పొద్దున్నే రెండో కాఫీ కప్పు తీసి, ఒక్క క్షణం చూసి, మళ్ళీ బీరువాలో పెట్టేస్తుంది. మాటుండదు. ఉన్నదున్నట్టు చెప్పి, మిగతాది మన పెద్దరికానికి వదిలేస్తారు. ఇంత మర్యాద ఈ రోజుల్లో ఎవరు చేస్తున్నారు మనకి?

మారిసోల్ మొదటి సినిమా కూడా ఆ థియేటర్లోనే చూశాడు. ఆట అయ్యాక ప్రశ్నలడగమంటే లేచి నిలబడి, ప్రశ్న లేదమ్మా, మా ఊళ్ళో ఒక హాలుంది, వచ్చి చూడు అన్నాడు. ఆ అమ్మాయి వచ్చింది, చూసింది, కథే రాసేసుకుంది. మొగుడు పోయాక మొదటిసారి ఒంటరిగా డాన్సుకొచ్చిన ఆడమనిషి కథ. ఆఖరి సీను ఇవాళ సాయంత్రం. పడమటి కిటికీల చెక్క రెక్కలు కర్రలతో ఎత్తి పెడితే ఎండ ఏటవాలుగా పడుతుంది. డాన్సులో అడుగులు సాఫీగా జారడానికి నేలమీద చల్లే మొక్కజొన్న పిండి బంగారంలా లేస్తుంది. ఊరి జంటలు గుండ్రంగా తిరుగుతుంటే ఆమె మధ్యలో నిలబడి వింటుంది. వినాల్సింది స్టీలు గిటారు. డబ్బాలో మిగిలిన ఫిల్ము ఒక్కసారికే సరిపోతుంది. రేపు తెల్లారేసరికి సినిమావాళ్ళ వ్యాను వెళ్ళిపోతుంది.

"స్టీలు లేకపోతే హాలు సీను ఎత్తేస్తానండీ. ఆవిడ గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగినట్టు ముగించేస్తాను. పట్నం నుంచి టేపు తెచ్చి పెడితే అబద్ధం అవుతుంది" అంది మారిసోల్.

ఎల్‌రాయ్ గుండెల్లో రాయి పడింది. జీవితంలో తను ప్రేమించిన రెండూ ఒకే తెర మీద, అదీ తన హాల్లో, ఒక్కసారి కనబడితే చాలనుకున్నవాడు. దానికి అడ్డం ఊరందరిలోకీ ఒకే ఒక్క మనిషి. స్టీలు వాయించేదీ అతనొక్కడే మరి.

గేట్లు కొట్లో పడేసి తిన్నగా లీలాండ్ హ్రుష్కా ఇంటికెళ్ళాడు. లీలాండ్ వసారాలో కూర్చుని అలసందలు వలుస్తున్నాడు.

"రానురా" అన్నాడు, ఇంకా అడక్కుండానే.

"ఒరేయ్, నా మాట కాస్త విను."

"వినను. ఈ ఊళ్ళో నన్నెవడు విన్నాడని నేను వినాలి? నలభయ్యేళ్ళు వాయించాను. రెండు చేతులూ, రెండు పాదాలూ, రెండు మోకాళ్ళూ పెట్టి వాయించాలి ఆ దిక్కుమాలినదాన్ని. ఒక్క నోరే ఖాళీ. నేను నోరు మూసుకుంటే వీళ్ళు తెరిచేవాళ్ళు. ఆవుల ధరలు, వాన కబుర్లు! పోయినేడు హాల్లో ఊరి పిక్నిక్ రోజున ఏమైంది?"

ఏమైందో ఊరందరికీ తెలుసు. స్టీలు ఒక్కటే మోగే చోట, సరిగ్గా స్వరం వంగే చోట, హాలు కమిటీ పెద్ద విల్బర్ట్ మారెక్ మైకు అందుకుని, తెల్ల పికప్ ఎవరిదో లైట్లు ఆపలేదు, వెళ్ళి ఆపుకోండి అన్నాడు. లీలాండ్ అక్కడికక్కడే చేతులు తీసేసి, కాళ్ళు మడిచి, అంటే గిటారు కాళ్ళు మడిచి, ఇంటికెళ్ళిపోయాడు. మళ్ళీ హాలు గుమ్మం తొక్కలేదు.

"బ్యాటరీ బతికింది, నా పాట చచ్చింది" అన్నాడు లీలాండ్.

"ఆ పికప్ నీదే కదరా."

"అయితే? నా బ్యాటరీ, నా ఇష్టం. పో, వెళ్ళి ఆ పిల్లకి చెప్పు. నన్ను పోయినవాడి కింద లెక్కేసుకోమను."

ఎల్‌రాయ్ హాలుకి తిరిగొచ్చేసరికి పొద్దుటి సీను అప్పుడే పూర్తయింది. ఊరివాళ్ళు బల్లల దగ్గర కూర్చుని బీరు తాగే సీను కాబట్టి అందరూ ప్రాణం పెట్టి నటించి, ఇంకా నటిస్తూనే ఉన్నారు. ఎల్‌రాయ్ టోపీ చేత్తో పట్టుకుని, "లాభం లేదమ్మా, లీలాండ్ ఇక రాడు. పోయినవాడి కిందే లెక్క" అన్నాడు మారిసోల్‌తో. పక్క బల్ల దగ్గరున్న విల్బర్ట్ చెవిన అందులో సగం పడింది.

సరిగ్గా అప్పుడే చెవులకి డొప్పలు తగిలించుకున్న టోబిన్ చెయ్యెత్తాడు. సినిమాలో శబ్దం పట్టేవాడు కాబట్టి తను పెద్దగా శబ్దం చెయ్యడు. "ఎవరూ కదలకండి. మాట్లాడకండి. అర నిమిషం" అన్నాడంతే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కోవల్ ప్రెయిరీ జనం చర్చిలో కూడా మాట్లాడతారు. వాళ్ళందరూ ఒక్కసారి నోరు మూసే సందర్భం ఒక్కటే: ఎవరైనా పోయినప్పుడు. మొదట విల్బర్ట్ చెయ్యి టోపీ మీదికి వెళ్ళింది. అతను తీస్తే పక్కవాడు తీశాడు, ఆ పక్కవాడూ తీశాడు. గాలికి గోధుమచేను వంగినట్టు హాలంతా తలలు వంగాయి.

ఎల్‌రాయ్ ఇదేమీ చూడలేదు. చూసే స్థితిలో లేడు. ఏ గది మౌనం ఆ గదిదేననీ, సినిమావాళ్ళు దాన్ని విడిగా పట్టుకెళ్ళి మాటల కింద పరుస్తారనీ ఎక్కడో చదివాడు గానీ, కళ్ళారా ఎన్నడూ చూడలేదు. కళ్ళారా చూద్దామని కళ్ళు మూసుకున్నాడు. ఎండకి రేకు కప్పు టిక్కుమంది. బీరు ఫ్రిజ్ సన్నగా మూలిగింది. దూలం దగ్గర కందిరీగ ఒకటి తిరుగుతోంది. ఇన్నేళ్ళూ ఇంతమందిని ఆడించిన హాలు, ఊపిరి పీల్చుకుంటోంది! ఈ ఊపిరి మీద ఒక్క స్టీలు స్వరం పడితే ఎలా ఉండేది... అనుకుంటుంటే చెవి దగ్గర విల్బర్ట్ గుసగుస వినబడింది.

"లీలాండేనా?"

లీలాండ్ కాక ఇంకెవరు, అనుకుని ఎల్‌రాయ్ కళ్ళు తెరవకుండానే బరువుగా తలూపాడు. పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. మౌనం అర్ధాంగీకారం అంటారు గానీ, ఆ మౌనం కాస్తా అర్ధాంతర మరణమైపోయింది.

"చాలు" అన్నాడు టోబిన్. ఆడవాళ్ళు శిలువ గుర్తు వేసుకున్నారు. ఒకరిద్దరు ఎల్‌రాయ్ భుజం నొక్కి, ధైర్యంగా ఉండమని చెప్పి వెళ్ళారు. సినిమా అంటే వీళ్ళకి ఎంత భక్తి కలిగింది, అని అతని ఛాతీ పొంగింది.

తీగ లాగితే డొంకంతా కదిలిందంటారు. ఈ ఊళ్ళో డొంకని కదిలించే తీగ టెలిఫోను తీగ. చర్చి ఆడవాళ్ళకి ప్రార్థన గొలుసని ఒకటుంది. ఎవరికైనా కష్టమొస్తే ఒకామె ఇంకొకామెకి, ఆమె మరొకామెకి ఫోను చేస్తుంది. గొలుసు మొదలైతే ఆపడం దేవుడి తరం కూడా కాదు, ఎందుకంటే ఆయనకి చెప్పేది ఆఖర్న. పోయినవాళ్ళ ఇంటికి తిండి పట్టుకెళ్ళడం ఇక్కడి ఆచారం కాబట్టి, భోజనాల వేళ దాటేసరికి ఊళ్ళో ప్రతి పొయ్యి మీదా ఏదో ఒకటి ఉడుకుతోంది. మూడు గంటలకి బెర్నడీన్ హాల్లోకి ఊడిపడింది.

"అసలు మనిషివేనా నువ్వు? లీలాండ్ పోయాడని కట్టుకున్నదానికి చెప్పవా? ఊరందరూ పందితొడ హాములు కాల్చుకుని వెళ్తుంటే నేను కొట్లో తవుడు తూస్తూ కూర్చున్నాను!"

"లీలాండ్ పోవడమేమిటే? పొద్దున్న నన్ను తిట్టాడు కూడాను."

"మరి విల్బర్ట్ అడిగితే తలెందుకూపావు?"

ఎల్‌రాయ్ తల ఈసారి ఊగలేదు, తిరిగింది. పికప్ ఎక్కి పరిగెత్తించాడు.

లీలాండ్ ఇంటి వసారా నిండా జనం. మెట్ల మీద మూతలు వేసిన గిన్నెలు, కొలాచీ రొట్టెల పళ్ళేలు, కాగితాల్లో చుట్టిన హాములు. లీలాండ్ భార్య జార్జీ పొరుగూళ్ళో చెల్లెలింటికి వెళ్ళిందట, ఆమె వచ్చేదాకా కూర్చుందామని అందరూ కాచుకున్నారు. ఎల్‌రాయ్ చుట్టూ తిరిగి పెరటి తలుపులోంచి దూరాడు. ముందుగదిలో, దించిన కిటికీ తెర వెనక, లోబట్టలతో నేలమీద చతికిలబడి ఉన్నాడు లీలాండ్.

"ఒరేయ్ లీ..."

"ష్‌! కూర్చో. వింటున్నాను."

"వాళ్ళు నువ్వు..."

"తెలుసు. పడుకుని లేచేసరికి పోయి ఉన్నాను. మొదట ప్యాంటు లేక బయటికి వెళ్ళలేదు. ఇప్పుడు ప్యాంటున్నా వెళ్ళను. నోర్మూసుకో."

బయట విల్బర్ట్ ముక్కు చీదుతున్నాడు. "తప్పంతా నాదే. ఆ పికప్ సంగతి ఒక్క నిమిషం ఆగి చెప్పినా కొంపలు మునిగేవా? అప్పట్నించీ మైకు ముట్టుకుంటే చాలు, ఆ ఆగిపోయిన చోటే చెవిలో మోగుతుంది."

"ఏ చోటో తెలిసినట్టు చెబుతున్నాడు" అని గొణిగాడు లీలాండ్.

విల్బర్ట్ ఆ చోటు కూనిరాగం తీశాడు. శ్రుతి తప్పింది. చోటు తప్పలేదు.

"మా ఎడ్విన్ సంగతి నీకు తెలుసుగా" అంటోంది ఆడెల్ వ్రానా. తెర సందులోంచి ఎడ్విన్ కనబడుతూనే ఉన్నాడు. పెళ్ళాం పక్కన నిలబడి బూట్లు చూసుకుంటున్నాడు. "ఏడాది పొడుగునా నోట్లోంచి గుప్పెడు మాటలు రాలవు. కానీ హాల్లో, లీలాండ్ ఆ స్వరాన్ని అలా మెల్లిగా వంచేవాడు చూడు, అక్కడ ఈయన చెయ్యి నా వీపు మీద కాస్త బిగిసేది. ఎప్పుడూ అక్కడే. ఆ ఒక్క చోటు కోసం నేను పాటంతా ఆడేదాన్ని. ఇక నాతో ఎవరు మాట్లాడతారు?"

లీలాండ్ బనియను అంచు ఎత్తి ముక్కు తుడుచుకున్నాడు. ఎల్‌రాయ్ అతనికేసి చూడలేదు. చూస్తే తనకీ ఆగదు. ఎన్నో సినిమాలు చూశాడు గానీ, తెరకి ఇటు వెనక కూర్చుని చూడటం ఇదే మొదలు.

"మనిషి బంగారం" అందింకో గొంతు. "అలసందలు మాత్రం ఎవరికీ గుప్పెడు పెట్టేవాడు కాదు."

"అబద్ధం!" అని లేవబోయిన లీలాండ్‌ని ఎల్‌రాయ్ బనియను పట్టుకుని కూర్చోబెట్టాడు.

అంతలో జార్జీ కారు దిగింది. ఆడెల్ పరిగెత్తి వాటేసుకుంది. "ఏడవకు జార్జీ, మేమంతా ఉన్నాం."

"ఎందుకేడుస్తాను? ఏమిటీ జనం?"

"లీలాండ్ పోయాడమ్మా!"

"ఎక్కడికి పోయాడు? పొయ్యి మీద అలసందలు పెట్టాను, చూస్తుండమని వెయ్యిసార్లు చెప్పి వెళ్ళాను!"

ఆ మాటతో ఇంట్లో మాడు వాసన అందరి ముక్కులకీ ఒక్కసారే తగిలింది. లీలాండ్ ముక్కుకి కూడా. పెళ్ళాం భయం చావు కన్నా గట్టిది. లోబట్టలతోనే వంటింట్లోకి పరిగెత్తి, పొగలు కక్కుతున్న గిన్నె పట్టుకుని బయటికొచ్చాడు. వసారాలో ఎవరి చేతిలోంచో కొలాచీల పళ్ళెం జారింది.

మొదట తేరుకున్నది ఆడెల్. "బతికుండి సంతాపాలు వింటావా, సిగ్గులేనివాడా!"

"చచ్చాక వింటే లాభమేముంది?"

"నువ్వూ ఉన్నావా లోపల!" అని ఆమె ఎల్‌రాయ్ మీదికి తిరిగింది. "హాల్లో ఆ మౌనమేమిటి, ఆ తలూపడమేమిటి? టోపీలు తీయించి మరీ ఊరందరికీ టోపీ పెట్టావే!"

ఎల్‌రాయ్ నోరు తెరిచాడు గానీ లీలాండ్ ముందే అందుకున్నాడు. "వాడితో తర్వాత తగువాడుకోండి. ఎండ వాలిపోతోంది. జార్జీ, నా ప్యాంటు. విల్బర్ట్, లోపలికి రా, ఆ గిటారు అటు చివర పట్టుకో. బరువుంటుంది. మిగతావాళ్ళు ఆ గిన్నెలన్నీ హాలుకి పట్టుకురండి. నా సంతాపం తిండి, నేను లేకుండా ఎవరూ తినడానికి వీల్లేదు."

పడమటి కిటికీల్లోంచి ఎండ నేల మీదికి దిగే వేళకి హాల్లో అందరూ సిద్ధంగా ఉన్నారు. మారిసోల్ కెమెరా పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. డబ్బాలో ఆఖరి ఫిల్ము తిరగడం మొదలైంది. ఊరి బ్యాండు పాత వాల్ట్జ్ డాన్సు పాట ఎత్తుకుంది. జంటలు కదిలాయి. లీలాండ్ వేళ్ళకి తీగలు మీటే ఇనప గోళ్ళు తొడుక్కుని, ఇనప కడ్డీ తీగల మీద ఆనించి, మొదటి స్వరం వదిలాడు.

ఒక జంట ఆగింది. ఇంకొకటి ఆగింది. చూస్తుండగానే హాలంతా నిలబడిపోయింది. ఇందాక ఏడ్చినవాళ్ళు, ఆపైన తిట్టినవాళ్ళు, ఒక్కరూ గుసగుస కూడా చెయ్యకుండా లీలాండ్ కేసి తిరిగి వింటున్నారు. నలభయ్యేళ్ళుగా అతను కోరుకున్నది అదే. మారిసోల్ మొహం పాలిపోయింది. ఫిల్ము తిరుగుతూనే ఉంది. కేకేస్తే శబ్దం చెడుతుంది, వెయ్యకపోతే సీనే చెడుతుంది. ఎల్‌రాయ్ గోడకి ఆనుకుని పిడికిళ్ళు బిగించాడు.

లీలాండ్ తలెత్తి చూశాడు. అంతమంది కళ్ళు తన మీదే. చెయ్యి ఆపలేదు, పెడల్ మీంచి పాదమూ తియ్యలేదు. మెల్లిగా అన్నాడు:

"నిలబడతారేమర్రా? మీ అడుగులు లేకపోతే నాకే వినబడదు."

ఎడ్విన్ వ్రానా బూట్ల మీంచి చూపు ఎత్తాడు. పెళ్ళాం నడుం చుట్టూ చెయ్యి వేసి అడుగు ముందుకి వేశాడు. వాళ్ళ వెనకే మరో జంట, ఆ వెనక విల్బర్ట్ జంట. మొక్కజొన్న పిండి మీద బూట్ల గీర మళ్ళీ మొదలైంది, ఎండలో బంగారం లేచింది, ఆ మధ్యలో సినిమాలో మొగుణ్ణి పోగొట్టుకున్నామె కదలకుండా నిలబడింది. ఆ చోటు వచ్చింది. లీలాండ్ మోకాలు పక్కకి నెట్టాడు, స్వరం వంగింది. చెప్పగూడనిది చెప్పేసి సిగ్గుపడ్డ మనిషి గొంతులా వంగి, నిలబడి, కరిగిపోయింది. ఆడెల్ కళ్ళు మూసుకుంది. ఆమె వీపు మీద చెయ్యి ఎల్‌రాయ్‌కి స్పష్టంగా కనబడింది. పక్కనే ఉన్న బెర్నడీన్ తన చేతిలో రుమాలు పెట్టాక గానీ, తను ఏడుస్తున్నట్టు అతనికి తెలియలేదు.

డబ్బాలో ఫిల్ము అయిపోయిన చప్పుడు వినబడింది. మారిసోల్ బొటనవేలు పైకెత్తింది.

అప్పుడే గుమ్మంలో చర్చి ఫాదర్ ఎమిల్ ప్రత్యక్షమయ్యాడు. మెడలో ఊదారంగు పట్టీ, చేతిలో పోయేవాళ్ళకి రాసే పవిత్ర తైలం. వెనకాల పొరుగూరి జనం, వాళ్ళ చేతుల్లో ఇంకో రెండు హాములు. ప్రార్థన గొలుసు ఆఖరి లంకె ఇప్పుడే తగిలింది. "లీలాండ్ ఎక్కడ?" అన్నాడు ఫాదర్, గిటారు వెనక చెమట తుడుచుకుంటున్న లీలాండ్‌నే చూస్తూ.

విల్బర్ట్ మైకు అందుకోబోయి ఆగి, లీలాండ్ కేసి చూశాడు.

"పాట అయిపోయిందిగా, ఇప్పుడు చెప్పుకో" అన్నాడు లీలాండ్.

విల్బర్ట్ మైకు ఎల్‌రాయ్ చేతిలో పెట్టాడు.

"ఎవరూ పోలేదు ఫాదర్. పొద్దున్న ఈ టోబిన్ మమ్మల్ని మాట్లాడొద్దన్నది పోయినవాళ్ళ కోసం కాదు, ఈ హాలు కోసం. మనుషులు నోరు మూసుకుంటే ఈ గది ఎలా వినబడుతుందో రికార్డు చేసుకున్నారు. రేపు సినిమాలో మాటకీ మాటకీ మధ్య అతుకు కనబడకుండా అది కింద పరుస్తారు. ప్రతి సినిమాకీ చేస్తారు. ఆ సంగతి ఇక్కడ తెలిసింది నాకొక్కడికే, నేనేమో కళ్ళు మూసుకుని ఆనందిస్తున్నాను. మనం నోరు మూస్తే ఎవరో పోయినట్టే కాబట్టి విల్బర్ట్ టోపీ తీశాడు. లీలాండ్ రానన్నాడని అంతకుముందే నేను మొహం వేలాడేసి చెప్పి ఉన్నాను. లీలాండేనా అని వీడడిగితే, వాయించే మనిషి గురించి అనుకుని తలూపాను. అంతే. అందులో చావు లేదు."

హాల్లో ఒక్కసారి గోల లేచింది. అందరూ అందరికీ మళ్ళీ మొదట్నించి చెప్పుకున్నారు. ఫాదర్ ఎమిల్ తైలం జేబులో పెట్టుకుని, హాము దగ్గరికి కుర్చీ లాక్కున్నాడు.

"అంటే నేను రెండు గంటలు ఉల్లిపాయలు తరిగి ఏడ్చింది, ఖాళీ హాలు చప్పుడు కోసమా?" అంది ఆడెల్.

"ఖాళీ హాలు కాదండీ" అన్నాడు టోబిన్, చెవి డొప్పలు మెడలోకి దించుకుని. ఆ రోజంతటిలో అతను ఇంత పొడుగ్గా మాట్లాడటం అదే మొదలు. "మీరందరూ ఉన్న హాలు. ఎవరూ లేనప్పుడు తీస్తే ఆ మౌనం పనికిరాదు."